ఐలా దీవిలో కొత్త బట్టీ, పాత సరంజామా

బయల్దేరే ముందు మా బావ పెట్టిన షరతు ఒక్కటే. "కారు నువ్వు నడపాలి బావా. స్టీరింగు నేను ముట్టుకోను."

అందులో నాకు ఇబ్బందేం లేదు. నాకు మందు అలవాటు లేదు, డ్రైవింగంటే ఇష్టం. మన లైసెన్సుతో అక్కడ ఏడాది దాకా నడపొచ్చు, స్టీరింగు కూడా మనలాగే కుడివైపు. కాకపోతే ఇన్సూరెన్సులో నా పేరు ఎక్కించడానికి బావ ఫోన్లో గంటసేపు ఎవరితోనో తగువాడాడు. 2019 సెప్టెంబరు అది. థర్మల్ స్టేషన్లో ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగం అయిపోయి ఆరు నెలలైంది. మా ఆవిడ వాళ్ళన్నయ్య గ్లాస్గోలో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నాడు. ఏటా రమ్మని ఆయన పిలవడం, నాకు సెలవు దొరకడం లేదనడం మామూలైపోయింది. ఆ ఏడు ఇక చెప్పడానికి సాకు మిగల్లేదు.

తాగి నడపడం విషయంలో స్కాట్లాండు చట్టం ఇంగ్లండు కంటే గట్టిది. 2014 డిసెంబరు నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంగ్లండులో అయితే 80. "అంటే ఒక్క పెగ్గుకే గుండె దడ. విస్కీ కాచే డిస్టిలరీ దాకా వెళ్ళి ఒక్క పెగ్గుతో ఎవడాగుతాడు చెప్పు?" అన్నాడు బావ. అలా నాకు పార్థసారథి ఉద్యోగం దొరికింది. ఆడవాళ్ళిద్దరినీ కూడా రమ్మన్నాం. "ఆ కంపు కోసం సముద్రం దాటి వెళ్ళాలా?" అని మా ఆవిడ, "మీరు వెళ్ళొస్తే మాకూ రెండు రోజులు ప్రశాంతంగా ఉంటుంది" అని వాళ్ళ వదిన.

రాతలో ఇస్లే అని కనిపిస్తుంది గానీ ఆ దీవి పేరు పలకడం ఐలా అని. స్కాట్లాండు పడమటి తీరంలో, మూడు వేల పైచిలుకు జనాభాతో ఉంటుంది. విస్కీ తాగేవాళ్ళకి అది కాశీ లాంటిదట. గ్లాస్గోలో చీకటితో లేచి లాక్ లోమండ్ సరస్సు ఒడ్డునే పోయి, ఆరోకర్ దాటాక ఒక కనుమ ఎక్కాం. దాని పేరు 'రెస్ట్ అండ్ బీ థాంక్‌ఫుల్'. 18వ శతాబ్దంలో అక్కడ రోడ్డు వేసిన సైనికులు పైకి చేరాక ఒక రాయి మీద చెక్కిన మాటట అది. కూర్చో, దణ్ణం పెట్టుకో అని. మేం కూర్చోలేదు గానీ కారు ఆపి ఫ్లాస్కులో టీ తాగాం. ఇన్వరేరీ, లాక్‌గిల్ప్‌హెడ్, టార్బర్ట్ మీదుగా కెనక్రెయిగ్ రేవు చేరేసరికి ఓడ నోరు తెరుచుకుని కార్లని మింగుతోంది.

రెండు గంటల ప్రయాణం. చివరి అంచెలో ఓడ ఒక సన్నటి జలసంధిలోకి తిరుగుతుంది. ఎడమ వైపు ఐలా, కుడి వైపు జూరా దీవి. జూరా మీద మూడు కొండలు పక్కపక్కన గుండ్రంగా లేస్తాయి. అన్నిటికంటే ఎత్తైనది 785 మీటర్లు. మన లెక్కలో పెద్ద ఎత్తేం కాదు, కానీ సముద్రంలోంచి నిట్టనిలువుగా లేస్తే ఆ ఎత్తే చాలు. డెక్కు మీద గాలికి కళ్ళజోడు పట్టుకుని నిలబడి ఉంటే బావ చెవిలో దీవిలోని డిస్టిలరీల పేర్లూ, అవి పుట్టిన ఏళ్ళూ ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలెట్టాడు. బోమోర్ 1779, ఆర్డ్‌బెగ్, లాఫ్రోయిగ్ 1815, లాగవూలిన్ 1816, కాల్ ఈలా 1846, బునహావెన్, బ్రూక్‌లాడీ 1881, కిల్‌హోమన్ 2005. "మొత్తం ఎనిమిది. మనం వెళ్ళేది తొమ్మిదోదానికి. ఆర్డ్‌నహో. మొన్న ఏప్రిల్లోనే తెరిచారు."

"ఎనిమిది పాతవి పెట్టుకుని ఈ కొత్తదానికి ఎందుకు బావా?"

"పాతవి నాలుగైదు సార్లు చూశా. అయినా నీకు మిషన్లంటే పిచ్చి కదా. అక్కడ మిషన్లు చూద్దువుగాని."

ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా ఎక్కలేదు. కొత్త ఫ్యాక్టరీ అంటే ఏముంటుంది, మెరిసే స్టీలు ట్యాంకులు, ఒక కంట్రోలు రూము, ఇద్దరు మనుషులు. నా సర్వీసు చివరి పదేళ్ళూ చూసింది అదే.

పోర్ట్ ఆస్కేగ్‌లో దిగి కొండెక్కి, బునహావెన్ వైపు పోయే ఒంటి దారి పట్టాం. ఒక్క కారు పట్టే రోడ్డు. అక్కడక్కడా రోడ్డు వెడల్పు చేసి 'పాసింగ్ ప్లేస్' అని బోర్డు పెడతారు. ఎదురుగా బండి వస్తే ఎవరికి దగ్గరైతే వాళ్ళు అందులోకి తప్పుకోవాలి. ఎదురైన ప్రతివాడూ స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. ఆ వేలెత్తే మర్యాద నాకు తెగ నచ్చింది. నాలుగు కార్లకి నేనూ వేలెత్తాను. ఐదోది పెద్ద లారీ. వేలెత్తుతూ ఎడమకి తప్పుకున్నాను, బోర్డు ఇంకా ముందుందని చూసుకోలేదు. ముందు చక్రం రోడ్డు దిగింది. గడ్డి కింద నేల ఉందనుకున్నాను, ఉన్నది స్పాంజి. కారు మెల్లగా, చాలా మర్యాదగా ఒక పక్కకి ఒరిగింది.

బావ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

పావుగంటకి ఒక ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రైలరు నిండా గోధుమరంగు తడి పొట్టు, దాంట్లోంచి ఆవిరి లేస్తోంది. డిస్టిలరీల్లో బార్లీ లోంచి తీపంతా పిండుకున్నాక మిగిలే పిప్పి అది. 'డ్రాఫ్' అంటారు, పశువులకి మేతగా పోతుంది. ట్రాక్టరాయన దిగి కారునీ, నన్నూ, బావనీ మార్చి మార్చి చూసి ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొలుసు కట్టి ఒక్క లాగు లాగి బయట పడేశాడు. డబ్బులివ్వబోతే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. "ఏమన్నాడు?" అని అడిగితే బావ ఇరవయ్యేళ్ళ అనుభవంతో అనువదించాడు: "వెళ్ళేటప్పుడే ఇలా ఉంటే వచ్చేటప్పుడు ఎలా ఉంటారో అన్నాడు." ఆ తడి పొట్టు వాసన, కాచిన గంజికీ రాగి మాల్టుకీ మధ్యలో ఉండే కమ్మటి వాసన, ట్రాక్టరు పోయాక కూడా కాసేపు రోడ్డు మీదే ఉండిపోయింది. డిస్టిలరీ నాకు మొదట పరిచయమైంది ఆ బురదలో నిలబడి.

ఆర్డ్‌నహో భవనం నిజంగానే కొత్తది. కార్ల పార్కింగులో తారు నల్లగా నిగనిగలాడుతోంది. లోపల అద్దాల గోడల్లోంచి జలసంధి, దాని వెనక జూరా కొండలు. దీన్ని కట్టింది గ్లాస్గోలోని హంటర్ లైంగ్ అనే కుటుంబ సంస్థ. వేరే డిస్టిలరీల విస్కీ పీపాలు కొని సీసాల్లో నింపి అమ్మే వ్యాపారం వాళ్ళది. సొంతంగా కాచడం ఇదే మొదలు. జిమ్ మెక్‌యువాన్ అని ఐలా దీవిలోనే పుట్టి, 1963లో బోమోర్‌లో పీపాలు చేసే పనికి అప్రెంటిసుగా చేరి, తర్వాత బ్రూక్‌లాడీని మళ్ళీ నిలబెట్టిన పెద్దాయన ఉన్నాడు. రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయన్ని పిలిపించుకుని ఉత్పత్తి పని అప్పజెప్పారు. ఇది విన్నప్పుడు రిటైరైన నాకు కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకోవాలి.

మా గైడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ముందు ఫోన్లు ఆపించింది, పిండి ధూళికీ ఆల్కహాలు ఆవిరికీ నిప్పురవ్వ పనికిరాదని. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ప్లాంటులో బొగ్గు మిల్లుల దగ్గర ఇదే గోల. బొగ్గు పొడి గాల్లో లేస్తే ఒక్క రవ్వ చాలు. అక్కడ బొగ్గులో ఇనప ముక్కలు ఏరడానికి అయస్కాంతం పెడతాం. ఇక్కడ బార్లీలో రాళ్ళు, ఇనప ముక్కలు ఏరడానికి అదే ఏర్పాటు.

ఆ తర్వాత మిల్లు చూపించింది. కొత్త భవనంలో పాత మిల్లు. ఇంగ్లండులో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊళ్ళో బాబీ కంపెనీ వాళ్ళు ఎప్పుడో చేసినది, వెతికి పట్టుకుని బాగు చేయించి బిగించుకున్నారు. లోపల ఇనప రోలర్లు, పైన చెక్కా ఇనుమూ కలిసిన పెట్టె, పక్కన బెల్టు. ఈ బాబీ మిల్లులకీ, లీడ్స్‌లో తయారైన పోర్టియస్ మిల్లులకీ డిస్టిలరీల్లో ఒక కథ చెబుతారు. ఎంత గట్టిగా చేశారంటే అవి చెడిపోలేదు. చెడిపోకపోతే మళ్ళీ కొనేవాడేడీ? బేరం లేక కంపెనీలు మూతబడ్డాయి, మిల్లులు మాత్రం ఇప్పటికీ ఆడుతున్నాయి. ఎంతవరకు నిజమో గానీ మెయింటెనెన్సులో పనిచేసినవాడికి ఇంతకంటే తీపి కథ ఉండదు.

అక్కడే గోడకి ఒక చిన్న చెక్కపెట్టె. మూడు అరలు, మధ్యలో రెండు జల్లెళ్ళు. స్కాట్లాండు వాళ్ళ మాటలో 'షూగుల్' అంటే ఊపడం, కుదపడం. అందుకని దీన్ని షూగుల్ బాక్స్ అంటారు. ఆడించిన బార్లీ గుప్పెడు పోసి ఊపితే పై అరలో పొట్టు, మధ్యలో రవ్వ, కింద పిండి నిలుస్తాయి. నూటికి ఇరవై పాళ్ళు పొట్టు, డెబ్బై రవ్వ, పది పిండి రావాలి. పిండి ఎక్కువైతే వేడి నీళ్ళు పోసినప్పుడు జావలా అయి అడుగున అడ్డం పడుతుంది. రవ్వ మరీ మొరటుగా ఉంటే తీపి దిగదు. పొట్టెందుకంటే అదే వడపోత గుడ్డ. "ఎవరైనా ఊపుతారా?" అంది. నేను అప్పటికే చెయ్యి పెట్టేశాను. మా గుంపులో ఉన్న పది మందీ నవ్వారు. కంప్యూటరు తెర ఇంకో గదిలో ఉంది. అయినా రవ్వ సరిగ్గా పడిందో లేదో చూసేది ఈ చెక్కపెట్టె ఊపే. పై మూత తీసి పొట్టు వేళ్ళతో నలిపితే పొగ వాసన తగిలింది.

ఆ పొగ గురించి చెప్పాలి. బార్లీని నానబోసి మొలకెత్తించి, మొలక ఆపడానికి ఆరబెడతారు. అదే మాల్టు. ఐలాలో ఆ ఆరబెట్టే మంటకి పీట్ వాడతారు. పీట్ అంటే వేల ఏళ్ళుగా బురదలో సగం కుళ్ళి పేరుకున్న నాచూ గడ్డీ. ఏడాదికి ఒక మిల్లీమీటరు మందాన పెరుగుతుందట. నేను కారు దింపిన స్పాంజి అదే. దాని పొగ గింజకి పట్టి చివరి సీసా దాకా వస్తుంది. పొగ పాళ్ళు ఫీనాల్ అనే పొగ వాసన రసాయనం లెక్కలో కొలుస్తారు. ఇక్కడి మాల్టు పది లక్షల పాళ్ళకి 40. మా బావ లాంటి వాళ్ళకి అది సువాసన. నాకు చిన్నప్పటి ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది.

తర్వాత నానబెట్టే తొట్టి. మూడు సార్లు నీళ్ళు, ఒకదానికంటే ఒకటి వేడిగా. మొదటిది 64 డిగ్రీల దగ్గర పోస్తారు. ఆఖరి నీళ్ళలో తీపి పల్చన, అందుకని వాటిని పారబోయకుండా తర్వాతి దఫాకి మొదటి నీళ్ళుగా వాడతారు. ఇల్లు నడిపేవాళ్ళ పొదుపు అది. అంతకంటే అక్కడ చూసేదేం లేదు, మూత వేసి ఉంది.

పులియబెట్టే తొట్లు చెక్కవి. ఆరెగాన్ పైన్ అంటారు, అసలు చెట్టు డగ్లస్ ఫర్. మన ఇంటికంటే ఎత్తు. మెట్లెక్కి పైకెళితే ఛాతీ ఎత్తులో మూత మాత్రం కనిపిస్తుంది, మిగతాదంతా కింది అంతస్తులో. గైడు మూత కొంచెం తెరిచి, "నెమ్మదిగా వాసన చూడండి" అంది. బావ అనుభవజ్ఞుడు, ఒక అడుగు దూరంలోంచి చేత్తో గాలి విసురుకున్నాడు. నేను తలకాయ దూర్చాను. కార్బన్ డయాక్సైడు ముక్కు లోపల చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. కళ్ళెంట నీళ్ళు కారుతుంటే అటు తిరిగి తుడుచుకున్నాను. బావ భుజం మీద చెయ్యేసి, "ప్రతి టూరులో ఒకడుంటాడు" అన్నాడు.

లోపల నురుగు చిక్కగా పొంగుతోంది. ఒక బ్లేడు తిరుగుతూ దాన్ని కోస్తోంది. లేకపోతే మూత తోసుకుని బయటికొస్తుంది. మూడు రోజులకి దగ్గరగా పులుస్తుంది. అప్పటికి దాంట్లో ఆల్కహాలు నూటికి ఎనిమిది పాళ్ళు, అంటే గట్టి బీరంత. పులిసిన ఊట అన్నమాట, మన భాషలో. స్టీలుదైతే కడుక్కోవడం తేలిక కదా అని అడిగాను. తేలికే అంది. కానీ చలికాలం చెక్క వేడిని పట్టుకుంటుంది, చెక్క సందుల్లో లాక్టిక్ బాక్టీరియా కాపురం ఉంటుంది, చివరి రోజున అవి చేసే పని వల్ల పళ్ళ వాసన వస్తుంది అని చెప్పింది. ఎంత కడిగినా పూర్తిగా పోని మురికి అన్నమాట. మా కెమిస్టులు వింటే మూర్ఛపోయేవాళ్ళు.

అసలు గొడవ రాగి బాయిలర్ల గదిలో మొదలైంది.

రెండే రెండు రాగి స్టిల్స్. ఒకటి పులిసిన ఊటని కాచి పాతిక పాళ్ళ లోపు గాఢతతో ఒక మోటు సరుకు తీస్తుంది. రెండోది దాన్నే మళ్ళీ కాచి అసలు స్పిరిట్ తీస్తుంది. ఎదురుగా పెద్ద అద్దం, అందులోంచి సముద్రం. రాగి మీద జూరా కొండల నీడ పడుతోంది. అందరూ మెడలెత్తి రాగి అందం చూస్తున్నారు. నేను చూసింది మాత్రం మెడ దగ్గర మొదలై పక్కకి పోయే గొట్టాన్ని. పోతోంది, పోతోంది, ఆగడం లేదు. ఏడున్నర మీటర్లట. స్కాట్లాండులో ఇంత పొడవు గొట్టం మరే డిస్టిలరీలోనూ లేదని చెప్పింది. దాని చివర ఏముందని అడిగితే, "వర్మ్ టబ్" అంది.

వర్మ్ అంటే పురుగనుకున్నాను. పాత ఇంగ్లీషులో పాముకీ అదే మాటట. పెద్ద చెక్క తొట్టి, దాని నిండా చన్నీళ్ళు, ఆ నీళ్ళలో చుట్టలు చుట్టుకుని దిగే రాగి గొట్టం. పైన లావుగా మొదలై దిగేకొద్దీ సన్నబడుతుంది. ఆవిరి పైనుంచి ప్రవేశించి చుట్ట చుట్టకీ చల్లబడి కిందికొచ్చేసరికి ద్రవమవుతుంది. సూటిగా చెప్పాలంటే, కుండ మూతి మీంచి గొట్టం తీసి నీళ్ళ తొట్లో ముంచే సారా బట్టీకి పెద్దన్నయ్య.

ముప్ఫై రెండేళ్ళు కండెన్సర్లతో కాపురం చేసినవాణ్ణి. ఆగలేకపోయాను. ఒక డ్రమ్ములో సన్న గొట్టాలు వందలు పెట్టి చన్నీళ్ళు పోనిచ్చే కండెన్సరు ఉందిగా, లోకంలో డిస్టిలరీలన్నీ దాదాపు అటే మారాయిగా. ఒక గొట్టం కారితే దానికి బిరడా కొట్టి మిగతావాటితో నడిపించుకోవచ్చు. ఇది కారితే తొట్టి మొత్తం ఖాళీ చెయ్యాలి. నీళ్ళ ఖర్చు ఎక్కువ, వేడిని తిరిగి వాడుకోవడం కష్టం, చోటు ఎక్కువ. 2019లో కొత్తగా కడుతూ ఇది ఎందుకు పెట్టారు? టూరిస్టులకి చూపించడానికా?

ఆఖరి మాట నోరుజారి వచ్చింది. బావ నా మోచెయ్యి నొక్కాడు.

ఆ అమ్మాయి మాత్రం నొచ్చుకోలేదు. "మీరు ఇంజనీరా? ఇంజనీర్లు ఇక్కడే ఆగుతారు" అని నవ్వి చెప్పింది. పులిసినప్పుడు గంధకం కలిసిన వాసనలు పుడతాయి. రాగి వాటిని పట్టుకుంటుంది. అందుకే స్టిల్ రాగిది, అందుకే అది ఏటికేడాది అరిగి పల్చనవుతుంది. గొట్టాల డ్రమ్ములో ఆవిరికి రాగి ఎక్కువగా తగులుతుంది, స్పిరిట్ తేలిగ్గా, శుభ్రంగా వస్తుంది. పాము చుట్టలో ఆవిరి త్వరగా నీరైపోయి గొట్టం అడుగునే జారిపోతుంది, రాగితో పొత్తు తక్కువ. కాబట్టి స్పిరిట్ బరువుగా, దట్టంగా వస్తుంది. మరి ఆ ఏడున్నర మీటర్లెందుకు? ఆవిరి పాములోకి దిగకముందే రాగి దగ్గర ఇంకాసేపు నిలబడ్డానికి. ఒక చేత్తో బరువు పెంచి ఇంకో చేత్తో కాస్త తగ్గించడం. ఐలా మొత్తంలో ఇలాంటి తొట్లున్నది ఇక్కడే.

"మీ కండెన్సరు పని వేడి తియ్యడం. మాది రుచి పెట్టడం" అంది.

అంతకంటే నాకు తగిలింది ఆ తర్వాత మాట. తొట్టిలోకొచ్చే నీళ్ళు పైన ఆర్డ్‌నహో చెరువువి. చలికాలం నీళ్ళు గడ్డ కట్టే చలి, వేసవిలో కాస్త గోరువెచ్చన. ఆ తేడాకి స్పిరిట్ గుణం కూడా మారుతుంది. మరి ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? తెలియదు అంది. ఇప్పుడు చేసేది పీపాల్లో ఏళ్ళ తరబడి ఉన్నాక గానీ తెలియదు. నా ఉద్యోగంలో ఒక వాల్వు తిప్పితే పది సెకన్లలో మీటరు ముల్లు కదిలేది. కదలకపోతే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. వీళ్ళు ఇక్కడ కోట్లు పోసి కావాలని నిదానమైన సామాను తెచ్చుకుని, మీటరు ముల్లు ఎప్పుడో ఏళ్ళ తర్వాత కదులుతుందని తెలిసి, ఈ తొట్టి ముందు కులాసాగా నిలబడి ఉన్నారు. తొట్టి చెక్క మీద చెయ్యి ఆనించాను. పైన వెచ్చగా ఉంది. వంగి కింద తాకితే చల్లగా ఉంది. అదే ఆ యంత్రానికి గేజీ అనుకున్నాను.

కాచిన స్పిరిట్ ధారని పరీక్షించి మళ్ళించే పెట్టెని స్పిరిట్ సేఫ్ అంటారు. ఇత్తడిది. పూజగది మందసంలా ఉంటుంది. ముందు అద్దం, లోపల గాజు పాత్రలు, వాటిలో తేలుతూ గాఢత చూపే హైడ్రోమీటర్లు, బయట తాళం. ఒకప్పుడు ఆ తాళంచెవి ఎక్సైజు అధికారి దగ్గర ఉండేది. పన్ను కట్టకుండా ఒక్క చుక్క ఎవరి నోట్లోనూ పడకూడదని. తర్వాత కాలంలో తాళాల బాధ్యత డిస్టిలరీలకే వదిలేశారు. సేఫ్ ముందు నిలబడ్డ స్టిల్‌మ్యాన్ మాతో మాట్లాడలేదు. ముందు వచ్చేది ఘాటు సరుకు, అది పనికిరాదు, పక్కకి పోవాలి. దానికి అద్దం లోపలే నీళ్ళు కలిపి చూస్తాడు. పాలలా మసకేస్తే ఇంకా ముందుదే వస్తోందన్నమాట. మేం చూస్తుండగానే ఆ మసక పల్చబడి, ఉన్నట్టుండి నీళ్ళు తేరుకున్నాయి. ఆయన ఇత్తడి పిడి పట్టుకుని నింపాదిగా పక్కకి తోశాడు. లోపల ధార ఒక గిన్నె వదిలి పక్క గిన్నెలోకి మారింది. అంతే. చప్పుడు లేదు, గంట లేదు. చివర్లో బరువు వాసనల సరుకు వచ్చేలోగా మళ్ళీ ఇటు తోస్తాడు. మధ్యలో వచ్చిందే విస్కీ అవుతుంది. మొదలూ చివరా మళ్ళీ స్టిల్లోకే.

గైడు ఒక చిన్న సీసా తెచ్చింది. నీళ్ళంత తెల్లగా ఉంది. తాగడానికి కాదు, అరచేతులు పట్టమంది. నేనూ పట్టాను. రెండు చుక్కలు వేసి రుద్దుకోమంది. మొదట స్పిరిటు ఘాటు, చల్లదనం. అది ఎగిరిపోయాక చేతులు గిన్నెలా చేసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ, దాని కింద తడి బార్లీ, పొద్దున ట్రాక్టరు మీద వచ్చిన కమ్మదనం. "ఇది ఒక్కటే మీ డ్రైవరుకి కూడా ఉచితం" అంది. నేను మళ్ళీ చేతులు చాచాను. రెండోసారి ఎక్కువే పోసింది.

టేస్టింగు గదిలో మా బావకి నిరాశ ఎదురైంది. ముందు పెట్టిన గ్లాసుల్లో ఏదీ ఆర్డ్‌నహోది కాదు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓకు పీపాలో, స్కాట్లాండు నేల మీద, కనీసం మూడేళ్ళు ఉండాలి, చట్టం అది. వీళ్ళ మొదటి ధార వచ్చి ఏడాది కూడా కాలేదు. కాబట్టి యజమానుల దగ్గరున్న వేరే డిస్టిలరీల సరుకు పోశారు. "పెళ్ళిచూపులకి పిలిచి పిన్ని కూతుర్ని చూపించినట్టుంది" అని గొణుగుతూనే మూడూ ఖాళీ చేశాడు. నా వాటా చిన్న సీసాల్లో పోసి ఇచ్చారు, నడిపేవాళ్ళు ఇంటికెళ్ళి తాగడానికి. వాటికి ఆ రాత్రే గెస్ట్ హౌసులో బావ చేతుల మీదుగా మోక్షం వచ్చింది.

పీపాల లెక్క నేనే వేశాను. అమెరికాలో బర్బన్ విస్కీకి ప్రతిసారీ కొత్త పీపా వాడాలని చట్టం. వాడిన పీపాలు స్కాట్లాండుకి వస్తాయి. ఒక్కోటి సుమారు 200 లీటర్లు. చెక్క గుండా ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. ఐదేళ్ళకి పందొమ్మిది లీటర్లు. చెబితే బావ కిటికీ లోంచి ఆకాశం వైపు చూసి, "మనకంటే వాళ్ళే నయం, టికెట్టు కూడా లేదు" అన్నాడు.

బోమోర్ ఊరికి నడిపింది నేనే. ఈసారి వేలెత్తలేదు. కారంతా నా చేతుల వాసనే. స్టీరింగు పట్టుకుంటే స్టీరింగుకి అంటింది, గేరు రాడ్డుకి అంటింది. "డబ్బులు పెట్టి తాగింది నేను, కంపు కొడుతున్నది నువ్వు. పోలీసు ఆపితే నిన్నే పట్టుకెళతాడు" అని బావ దారంతా నవ్వాడు. గ్లాస్గో చేరాక వారం రోజులు మా చెల్లెమ్మ ఆ కారెక్కలేదు. సబ్బుతో తుడిచినా పోలేదని ఫోన్లో అక్టోబరు దాకా చెబుతూనే ఉన్నారు.

మూడేళ్ళకి మళ్ళీ వద్దామని అనుకున్నాం. ముందు కోవిడ్, తర్వాత నా మోకాళ్ళు. మధ్యలో బావ ఒకసారి ఫోన్ చేసి, మూడేళ్ళు నిండినా వాళ్ళు సీసా బయటికి తియ్యలేదు, ఇంకా ఆగుతున్నారు అని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ తొట్టి చెక్క గుర్తొచ్చి, తొందరపడరులే అనిపించింది. 2024 మార్చిలో, 1983లో మూతబడ్డ పోర్ట్ ఎల్లెన్ డిస్టిలరీని అదే దీవిలో మళ్ళీ తెరిచారు. ఆ వసంతంలోనే ఆర్డ్‌నహో తొలి సీసా వచ్చింది. ఐదేళ్ళ వయసు.

బావ ఒకటి సంపాదించాడు. ఒక ఆదివారం మాకు రాత్రి పదకొండయ్యాక వీడియో కాల్ చేసి, ఫోను చక్కెర డబ్బాకి ఆనించి, కెమెరాకి ఎదురుగా మూత తీశాడు. గ్లాసులో పోసి దీపం వైపు ఎత్తి చూపించాడు. తెల్లటి నీళ్ళు గడ్డి రంగులోకి మారాయి.

"మనం చూసిన ధార ఇందులో ఉండదు బావా" అన్నాను. "మనం వెళ్ళింది సెప్టెంబర్లో. దానికి ఇంకా ఐదేళ్ళు నిండలేదు. ఇది అంతకుముందుది."

"నీ లెక్కలు కాసేపు ఆపుతావా?"

ఆపాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను.

"ఎలా ఉంది?"

"నా పాత కారు స్టీరింగు బావా" అన్నాడు. "అచ్చం అదే."